చేతిపనియు పెద్దరికమును: సాఫ్ట్‌వేరు ఉద్యోగినికి వచ్చు చిక్కు

ఉద్యోగమున పెద్దరికము వచ్చినదనగా ఇల్లంతయు సంతోషించును. సాఫ్ట్‌వేరు కంపెనీలో ఆరేడేండ్లు పనిచేసి నేర్పరియని పేరు తెచ్చుకొన్న యువతిని ఒకనాడు పైవారు పిలిచి, ఇకమీదట ఈ ఆరుగురును నీ చేతిక్రింద పనిచేయుదురు, నీవు టీమ్ లీడ్‌వు అని చెప్పుదురు. జీతము కొంత పెరుగును. బంధువులకు కబురు పోవును. తల్లి దేవునికి కొబ్బరికాయ కొట్టును. మూడు నెలలు గడచునప్పటికి ఆ యింట మరియొక మార్పు కనబడును. పగలంతయు మాటలతో, మీటింగులతో సరిపోవును. తాను స్వయముగ వ్రాయవలసిన ప్రోగ్రాము రాత్రి పదిగంటలకుగాని మొదలు కాదు. “పెద్దదానివైతే పని తగ్గాలి గాని పెరుగుతుందేమమ్మా?” అని అత్తగారు అడుగును. కోడలికి సమాధానము తోచదు.

అత్తగారి ప్రశ్న న్యాయమైనదే. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచిన నాటినుండి హైదరాబాదునందును, అంతకు ముందునుండియు బెంగుళూరు, మదరాసు, అమెరికా పట్టణములందును ఈ వృత్తిలో ప్రవేశించిన తెలుగు స్త్రీలు అనేకులు. అట్టివారిలో పెద్దరికము వహించువారికి సంభవించు కష్టమేమి, అది ఎందువలన సంభవించుచున్నది, దానిని తగ్గించు మార్గమేది అను విషయములను ఉద్యోగమునకు పోవు సోదరీమణులే గాక, వారిని కనిపెట్టి చూచుకొను తల్లులును అత్తలును కూడ తెలిసికొనుట మేలు.

రెండు పనుల స్వభావము

కంప్యూటరునకు బోధపడు భాషలో వరుసగా వ్రాసిన ఆజ్ఞలను కోడు అందురు. కోడు వ్రాయుట పైకి టైపు కొట్టుటవలె కనబడును గాని, అందలి శ్రమ చేతివ్రేళ్ళది కాదు, జ్ఞప్తిది. రైలుటిక్కెట్లు అమ్ము ప్రోగ్రామును తలచుకొనుడు. సొమ్ము చెల్లెను గాని సీటు దొరకకపోయిన నేమి చేయవలెను? సీటు ఖాయమయ్యెను గాని సొమ్ము చేరకపోయిన నేమి చేయవలెను? ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణమున కోరిన ఎవరికి ఈయవలెను? నడుమ విద్యుచ్ఛక్తి ఆగిపోయిన లెక్క యెక్కడనుండి అందుకొనవలెను? వ్రాయు మనిషి వీనినన్నిటిని ఒక్కసారిగా మనస్సున నిలుపుకొని యుండవలెను. ఆ సమయమున ఎవరైన వచ్చి “ఒక్క నిమిషము” అని పిలిచినచో కట్టిన కట్టడమంతయు కూలిపోవును. అరిసెల పాకము పొయ్యిమీద నుండగా వీథితలుపు తట్టినవారికి సమాధానము చెప్పి వచ్చిన గృహిణికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ముదిరిన పాకమునకు మరల నీరు పోసి మొదటినుండి కాచుకొనవలసినదే.

పెద్దరికపు పని దీనికి పూర్తిగా వ్యతిరేకము. అది తునకలు తునకలుగా వచ్చును. క్రొత్తగా చేరిన పిల్లవానికి సందేహము, ఇంకొక టీమ్‌వారితో తగవు, పైఅధికారికి లెక్క, ఒక ఉద్యోగికి తండ్రి జబ్బుపడి సెలవు కావలెను. వీనిలో దేనికిని అరగంటకు మించి పట్టదు. ఏదియు ఆగదు. పాల్ గ్రహాము అను అమెరికా రచయిత 2009లో వ్రాసిన వ్యాసమున ఈ భేదమును చక్కగా విడదీసి చూపెను. పెత్తనము చేయువారు దినమును గంటలుగా కొలుచుకొందురనియు, స్వయముగ నిర్మించువారు పూటలుగా కొలుచుకొందురనియు ఆయన చెప్పినదాని సారము. మధ్యాహ్నము మూడుగంటలకు ఒక మీటింగు పెట్టినచో పెత్తనము చేయువారికి పోవునది ఒక గంట మాత్రమే. కోడు వ్రాయువారికి ఆ పూటయే రెండు ముక్కలగును. ఆ ముక్కలలో దేనియందును పెద్దపని సాగదు. టీమ్ లీడ్ అనబడునామె ఈ రెండు కొలతలను ఒకే దినమున పాటింపవలసి వచ్చుటయే ఆమె చిక్కు.

అంతకంటె విచిత్రమేమనగా, పెద్దరికము ఇచ్చునప్పుడు పాతపనిలో ఎంత భాగము తీసివేయుచున్నామో సాధారణముగ ఎవరును చెప్పరు. పాతమూట దింపకుండగనే క్రొత్తమూట నెత్తిన పెట్టుదురు. మోయునదియు అడుగదు, అడిగిన చేతకాని దనుకొందురేమో యని సంకోచము.

లెక్క చెప్పు సంగతి

ఈ రెండు మూటలును కలసి మోయుట ఓపికకు సంబంధించిన విషయమని కొందరనుకొందురు. కాదు, అది లెక్కకు సంబంధించినది. ఐ.బి.ఎమ్. కంపెనీలో 1960వ దశకమున సిస్టమ్ 360 అను కంప్యూటర్ల కొరకు బ్రహ్మాండమైన ప్రోగ్రామును వ్రాయించిన ఫ్రెడరిక్ బ్రూక్సు అను నతడు తన యనుభవమును 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అను గ్రంథముగా ప్రకటించెను. ఆలస్యమైన పనికి మరికొందరు మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని అందలి ప్రసిద్ధ సూత్రము. అందుకు కారణములలో నొకటి ఇది: పనివారు పెరిగినకొలది వారి నడుమ మాటలు నడువవలసిన దారులు అంతకంటె వేగముగ పెరుగును. ఇద్దరి నడుమ దారి 1. నలుగురి నడుమ 6. ఎనమండుగురి నడుమ 28. మనుష్యులు రెండింతలైనపుడు దారులు నాలుగింతలకు మించినవి.

ఈ దారులలో అధికభాగము టీమ్ లీడ్ ముంగిటనుండియే పోవును. కావున నలుగురున్న టీమ్ ఎనమండుగురు కాగా, “నేను మునుపటివలెనే కోడు వ్రాసెదను” అని ఆమె మాట యిచ్చినచో ఆ మాటను గణితమే చెల్లనీయదు. పగలు చెల్లని మాటను రాత్రి చెల్లింపవలసి వచ్చును.

ఇక్కడ మంచి నేర్పరులే ఎక్కువగ దెబ్బతిందురు. పనిలో మిక్కిలి కష్టమైన భాగము వచ్చినప్పుడు, “ఇది నాకుగాని కుదరదు” అని లీడ్ తానే తీసికొనును. ఉద్దేశము మంచిదే. ఫలితమేమగును? ఆ భాగము పూర్తియైనగాని తక్కినవారి పని ముందుకు సాగదు. లీడ్‌కు నడుమనడుమ మీటింగులు. ఆరుగురు మనుష్యులు ఒక్కొక్కరు అరదినము చొప్పున ఆమెకొరకు కాచుకొన్నచో మొత్తము మూడు దినముల పని పోయినది. ఆమె తన నేర్పుచేత మిగిల్చినది ఒక్క దినము కావచ్చును. ఇంటెల్ కంపెనీని నడపిన ఆండ్రూ గ్రోవు 1983లో వ్రాసిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ అను గ్రంథమున పెద్దరికము వహించిన మనిషి ఫలితమును ఆ మనిషి స్వయముగ చేసిన పనినిబట్టిగాక, తన క్రిందివారును తన మాట సోకిన ఇతరులును కలసి చేసిన పనినిబట్టి కొలువవలెనని చెప్పెను. ఈ కొలతతో చూచినచో కష్టమైన భాగమును తానే పట్టుకొని కూర్చుండుట లాభము కాదు, నష్టము.

ఆవకాయ పాళ్ళు తన చేతికిగాని కుదరవని యేటేట తానే కలుపు అత్తగారి యింట, ఆమె మంచము పట్టిన వేసవిలో జాడీ ఖాళీగ నుండును. కోడలి చేతి ఆవకాయ మొదటి యేడు కొంచెము ఉప్పన కావచ్చును. మూడవ యేటికి సరిపడును.

పూర్వులు చేసిన యేర్పాట్లు

చేతిపనియు పెద్దరికమును ఒకరికే అప్పగించుట క్రొత్తగా వచ్చినది కాదు. 1970 ప్రాంతమున ఐ.బి.ఎమ్.లో హార్లన్ మిల్సు అను శాస్త్రజ్ఞుడు “ప్రధాన ప్రోగ్రామరు” అను పద్ధతిని ప్రతిపాదించెను. న్యూయార్కు టైమ్సు పత్రికవారి వార్తాభాండారమునకు ప్రోగ్రాము వ్రాయుటలో ఆ పద్ధతిని అమలుపరచిరి. అందు ముఖ్యమైన కోడంతయు ప్రధాన ప్రోగ్రామరే వ్రాయవలెను. కాని ఆయనకు తోడుగ, సర్వము తెలిసిన ఉపప్రధానుడొకడు. కాగితములు, పట్టికలు, ప్రతులు సరిచూచి భద్రపరచుటకు ప్రత్యేకముగ ఒక గుమాస్తా. బ్రూక్సు ఇదే పద్ధతిని శస్త్రవైద్యుని బృందముతో పోల్చి, సొమ్ము వ్యవహారములను మనుష్యుల వ్యవహారములను చూచుకొనుటకు వేరొక మనిషి యుండవలెననెను. కత్తి పట్టిన వైద్యుడు ఆసుపత్రి జీతముల లెక్క చూడడు గదా! నేటి టీమ్ లీడ్‌లలో పెక్కుమందికి ప్రధాన ప్రోగ్రామరు పనియు ఉన్నది, గుమాస్తా పనియు ఉన్నది; సహాయకులు మాత్రము లేరు.

అట్లయిన లీడ్ అయిన స్త్రీ కోడును పూర్తిగ విడిచిపెట్టవలెనా? వలదని చెప్పుటకు మార్గరెట్ హామిల్టన్ చరిత్రము చాలును. 1936లో జన్మించిన ఈ విదుషీమణి, చంద్రమండలమునకు మనుష్యులను చేర్చిన అపోలో నౌకల ప్రోగ్రాములను అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలయందు మొదట స్వయముగ వ్రాసి, పిదప ఆ విభాగమునకు అధిపతి యయ్యెను. రాత్రులందును సెలవుదినములందును తన చిన్నకూతురిని వెంట తీసికొనిపోయెడిది. ఒకనాడు ఆ బిడ్డ ఆటగా మీటలు నొక్కగా, నౌక ఆకాశమున పోవుచున్నట్లు నడపుచున్న పరీక్షాయంత్రము ఒక్కసారిగ చెడిపోయెను. బయలుదేరకముందు మాత్రమే నడువవలసిన ప్రోగ్రామును ఆ బిడ్డ నడిపినదని హామిల్టన్ కనిపెట్టెను. వ్యోమగాములును పొరపాటున ఇట్లు చేయవచ్చును, అడ్డు వేయుదమని ఆమె కోరెను. అంత శిక్షణ పొందినవారు అట్టి పొరపాటు చేయరని పైవారు నిరాకరించిరి. ఆ మీట నొక్కరాదను హెచ్చరికను మాత్రము వ్రాసి పెట్టనిచ్చిరి. 1968 డిసెంబరులో అపోలో 8 చంద్రుని చుట్టి వచ్చు యాత్రలో జిమ్ లోవెల్ అను వ్యోమగామి సరిగా అదే పొరపాటు చేసెను. దారికి సంబంధించిన లెక్కలు చెరిగిపోయెను. క్రిందివారు గంటల తరబడి శ్రమించి వానిని మరల నౌకకు అందింపవలసి వచ్చెను. ఆ పిమ్మట ఆమె కోరిన అడ్డునకు అనుమతి లభించెను. 2016లో అమెరికా అధ్యక్షుడు ఆమెకు ఆ దేశపు అత్యున్నత పౌర పతకము నిచ్చి గౌరవించెను.

ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. కోడు తెలియని అధికారిణి యైనచో బిడ్డ యంత్రము చెడగొట్టినదని మందలించి ఊరకుండెడిది. కోడు మాత్రమే చూచుకొను ఉద్యోగిని యైనచో పైవారితో వాదించియుండదు. వందలమంది కలసి వ్రాసిన ఆ ప్రోగ్రాములలో ప్రతి పంక్తియు హామిల్టన్ వ్రాయలేదు. ఏ పంక్తి లేక ప్రమాదము కలుగునో ఆమెకు తెలియును. లీడ్‌కు కావలసిన కోడుజ్ఞానము ఇట్టిది.

రెండవ ఉదాహరణము ఇంగ్లండుది. 1933లో జర్మనీలో జన్మించి, ఆరవయేట శరణార్థి బాలికగ ఇంగ్లండు చేరిన స్టెఫనీ షర్లీ, 1962లో ఆరు పౌనుల మూలధనముతో ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్సు అను సంస్థను స్థాపించెను. వివాహమై, బిడ్డలు కలిగి ఉద్యోగములు మానుకొన్న విద్యావతులను చేర్చుకొని ఇంటివద్దనే ప్రోగ్రాములు వ్రాయించెడిది. స్త్రీ పేరుతో వ్రాసిన ఉత్తరములకు జవాబులు రాకపోగా, “స్టీవ్” అని సంతకము చేసెడిది. కాంకర్డు విమానపు నల్లపెట్టెకు సంబంధించిన ప్రోగ్రాములను కూడ ఈ సంస్థ స్త్రీలే వ్రాసిరి. 2025లో ఆమె పరమపదించెను. ఎవరి యింట వారు, బిడ్డలు నిద్రించునప్పుడు పనిచేయు మనుష్యులను నడపుటకు వారి భుజముమీదినుండి తొంగిచూచుట కుదరదు. పనిని స్పష్టమైన భాగములుగ విడదీసి, కావలసినదేమో కాగితముమీద పెట్టి, పూర్తియైనదానిని కొలిచి చూచుటయే మార్గము. ఇతరులకు అప్పగించు విద్య యనగా ఇదియే.

ఏది ఉంచుకొనవలెను, ఏది విడువవలెను

పెండ్లివంటలో పెద్దవంటవాడు గుమ్మడికాయ తరుగుచు కూర్చుండడు. అయినను ఉప్పు చూడక ఒక్క గుండిగనైన దింపనీయడు. టీమ్ లీడ్ నడవడికి ఇది మంచి పోలిక. దీనిని ఆఫీసుపనికి అన్వయించి కొన్ని సూచనలు చేయవచ్చును.

మొదటిది: ఏ భాగముమీద ఇతరుల పని ఆగియుండునో ఆ భాగమును లీడ్ తీసికొనరాదు. చిన్న దోషములు దిద్దుట, ప్రోగ్రామును పరీక్షించు కోడు వ్రాయుట, టీమ్‌కు విసుగు పుట్టించు పనిని తగ్గించు పరికరములు చేయుట, ఒక మార్గము సాధ్యమా కాదా యని చిన్న నమూనా చేసి చూచుట, ఇట్టివి ఆమెకు తగినవి. ఇవి రెండు దినములు ఆలస్యమైనను ఎవరికిని ముప్పు లేదు. ఆమె చేతికిని తుప్పు పట్టదు.

రెండవది: తాను వ్రాయుటకంటె ఇతరులు వ్రాసినది చదువుట ముఖ్యము. దీనిని కోడు రివ్యూ అందురు. ఒకరు వ్రాసిన కోడు లీడ్ చూచుటకై మూడు దినములు పడియున్నచో వ్రాసినవారి ఉత్సాహము చల్లారును. గూగుల్ కంపెనీవారు బహిరంగముగ ప్రకటించిన తమ నియమములలో, రివ్యూకు వచ్చినదానికి ఒక పనిదినము దాటకుండ జవాబీయవలెననిరి. అయితే తన పనిలో నిమగ్నమై యున్నప్పుడు దానిని చెరచుకొని రివ్యూ చేయవలదనియు, సహజముగ విరామము వచ్చినప్పుడు చేయవలెననియు అందే చెప్పిరి. నేడు యంత్రమే కోడు చిత్తుప్రతి వ్రాసి యిచ్చు సాధనములు కూడ వచ్చినవి. వానివలన వ్రాయు శ్రమ కొంత తగ్గిన తగ్గవచ్చును గాని, వ్రాసినదానిలో మంచిచెడ్డలు తేల్చు శ్రమ పెరుగును. చదువగల కన్ను గల లీడ్‌కు విలువ హెచ్చినదే గాని తగ్గలేదు.

మూడవది: గంటలను కాగితముమీద పెట్టుకొనవలెను. ఒక ఊహాలెక్క చూడుడు. టీమ్‌లో ఆరుగురు, వారమునకు 40 గంటలు. ఒక్కొక్కరితో ఏకాంతముగ అరగంట మాటలాడుటకు 3 గంటలు. ప్రతిదినము పావుగంట చొప్పున అందరు కలియుటకు గంటంబావు. రివ్యూలకు దినమునకు గంట చొప్పున 5. పైవారితోను ఇతర టీమ్‌లతోను మీటింగులకు, పని పంచుటకు 10. అనుకోకుండ వచ్చు సందేహములకు 5. మిగిలినవి పదునైదుముప్పావు. ఇవి చెదరిపోయి యుండును గనుక వానిలో మూడేసి గంటలు ఎడతెగక దొరకు పూటలు మూడుకంటె ఎక్కువ చిక్కవు. అనగా 9 గంటలు; వారములో పావుభాగమునకు తక్కువ. కోడు విషయమున ఆమె పైవారికి మాట యీయవలసినది ఇంతవరకే. ఆ మూడుపూటలను కేలండరులో ముందుగనే వ్రాసిపెట్టి, మీటింగులను తక్కిన పూటలకు నెట్టవలెను. పైఅధికారితో ఈ పాళ్ళను ముందే మాటలాడి ఖాయపరచుకొనుట సంకోచింపదగిన పని కాదు.

నాలుగవది: అప్పగించునప్పుడు మెట్టుమెట్టున చెప్పక, పని యెందులకు, దాని హద్దులేవి, ఏనాటికి కావలెను అను మూడును చెప్పి విడువవలెను. తాను ఒక దినములో చేయగలదానిని క్రొత్తవాడు మూడుదినములు చేయును. రెండవసారి రెండు దినములు. కొన్నాళ్ళకు అతనికి లీడ్ అక్కరయే లేదు. ఆ మొదటి మూడుదినములను ఓర్చుకొనుటయే కష్టము.

కోడు తగ్గినచో గౌరవము తగ్గునను భయము చాలమందికి కలదు. గూగుల్ వారు తమ సంస్థలో మంచి మేనేజరులకుండు గుణములేవో పరిశీలించి 2011లో ఎనిమిదింటిని లోకమునకు వెల్లడించిరి. తన క్రిందివారికి చక్కగ నేర్పుట వానిలో మొదటిది. సాంకేతిక నైపుణ్యము ఎనిమిదవది. చివరిదైనను అది జాబితాలో ఉన్నదనుట మరువరాదు. టీమ్‌కు సలహా చెప్పుటకు సరిపడునంత ఉండవలెను. టీమ్‌ను మించి వ్రాయనక్కరలేదు.

స్త్రీలకు ప్రత్యేకమైన బరువు

పైన చెప్పినవి స్త్రీపురుషు లిరువురికిని సమానమే. స్త్రీలకు అదనముగ వచ్చునవి కొన్ని కలవు. మీటింగులో జరిగినదానిని వ్రాసిపెట్టుట, క్రొత్తవారికి స్వాగతము, పండుగనాటి ఏర్పాట్లు మొదలైన పనులు పేరుకు ఎవరివియు కావు. తుదకు స్త్రీ చేతిలో పడును. అమెరికాలో లిండా బాబ్‌కాక్ మొదలగు పండితులు 2017లో ప్రకటించిన పరిశోధనలో, పదోన్నతికి ఉపకరింపని పనులకు పురుషులకంటె స్త్రీలే ఎక్కువగ ముందుకు వత్తురనియు, వారినే ఎక్కువగ అడుగుదురనియు తేలినది. లీడ్ స్థానమున నున్న స్త్రీ ఇట్టి పనులను వంతులవారీగ అందరికి పంచినచో తనకే గాక, తన టీమ్‌లోని తక్కిన ఆడపిల్లలకు కూడ మేలు చేసినదగును.

రెండవది రాత్రి మీటింగు. అమెరికా పశ్చిమతీరమున వేసవిలో ఉదయము 8 గంటలైనపుడు హైదరాబాదున రాత్రి 8-30, చలికాలమున 9-30. సరిగా అది పిల్లలకు అన్నము పెట్టి నిద్రపుచ్చు వేళ. రాత్రి రెండుగంటలు ఇచ్చిన ఉద్యోగిని మరునాటి ఉదయము ఆ రెండుగంటలు మినహాయించుకొనుట న్యాయము. లీడ్ తాను మినహాయించుకొన్నగాని ఆమె టీమ్‌లోనివారికి ధైర్యము చాలదు. రాత్రి మీటింగులను కూడ వంతులు వేసికొనవచ్చును.

ఇంటివారి పాలు

ఇంటివద్దనుండి పనిచేయు ఆచారము కరోనా వ్యాధి వ్యాపించిన 2020 నుండి ప్రబలినది. గదిలో కూర్చున్న కూతురు తెరవంక చూచుచు చేతులు కదపక యున్నంతమాత్రమున ఊరక యున్నదని తలంపరాదు. కోడు వ్రాయు మనిషికి చేతులు ఆగినప్పుడే పని జరుగుచుండుట కలదు. ఆమె ఎంచుకొన్న ఆ మూడుపూటలు ఇంటివారికి కూడ తెలిసియుండిన, కొరియరు వచ్చినను, పాలు పొంగినను, ఆ వేళలందు మరియొకరు చూచుకొందురు.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఇంటిలోను ఆమెయే పేరులేని టీమ్ లీడ్. గ్యాసు ఎప్పుడు అయిపోవును, బడిజీతము ఏనాటికి కట్టవలెను, మామగారి రక్తపోటు మందు ఎన్నిదినములకు చాలును, ఇవన్నియు ఆమె తలలోనే యుండును. భర్త “చెప్పు, చేసెద”నని ప్రేమతో అనవచ్చును. కాని చెప్పవలసిన భారము ఆమెకే మిగిలినచో సగము పని ఆమెదే. ఆఫీసులో అప్పగింతకు చెప్పిన నియమమే ఇక్కడను వర్తించును. మందుల సంగతి భర్తది యన్నచో తెచ్చుట మాత్రమే కాక, అయిపోవుచున్నవని గుర్తుంచుకొనుటయు ఆయనదే కావలెను. మొదట ఒకటి రెండుసార్లు ఆలస్యము కావచ్చును. మరల తానే చేతికి తీసికొనకుండ ఓర్చుకొనుట ఆమె నేర్చుకొనవలెను.

ఇన్ని చేసినను పెద్దరికము కొందరికి రుచింపకపోవచ్చును. అట్టివారు మరల చేతిపనికి మరలిపోవుట పరాజయము కాదు. పెద్ద కంపెనీలలో మనుష్యులను నడపకయే, నైపుణ్యముచేతనే మెట్లెక్కు మార్గము వేరుగ కలదు. ఛారిటీ మేజర్సు అను ఇంజనీరు 2017లో వ్రాసిన వ్యాసమున, ఈ వృత్తిలోనివారు కొన్నేండ్లు పెద్దరికము, కొన్నేండ్లు చేతిపని, ఇట్లు గడియారపు లోలకమువలె అటునిటు తిరుగుట మంచిదని వాదించెను. అటునుండి వచ్చినవారికి పైవారి కష్టము తెలియును. ఇటునుండి పోయినవారికి పని రుచి తెలియును. ఇంటివారు మాత్రము దానిని పదవి పోయినట్లు భావించి బంధువులయెదుట చిన్నబోరాదు.

క్రొత్తగా లీడ్ అయిన సోదరి ఈ నెలలో చేయదగిన పని యొకటి కలదు. ఒక కాగితము తీసికొని, ఆఫీసువియు ఇంటివియు కలిపి, తాను తప్ప మరెవ్వరును చేయలేరని తలంచు పనులన్నిటిని వ్రాయవలెను. ప్రక్కన, నేర్పినచో వానిని చేయగల మనిషి పేరు వ్రాయవలెను. పేరు దొరకని పనులు మూడో నాలుగో మిగులును. అవియే ఆమెవి. తక్కినవి నేర్పవలసినవి.